మీకు తెలుసా? స్నానశాల నిప్పుల్లో ఉడికిన ఫలహారం

ఈజిప్టులో చాలామందికి పొద్దున్నే ఫూల్ మెదామెస్ పడాల్సిందే. ఎండు ఫావా చిక్కుడు గింజలను మెడ సన్నగా ఉండే పాత్రలో పోసి, సన్న సెగ మీద రాత్రంతా మగ్గనిస్తారు. పాత కైరోలోనైతే, ఊరందరి స్నానశాలల్లో నీళ్లు కాచే పొయ్యిల నిప్పుల్లో ఈ పాత్రలను పూడ్చిపెట్టేవారు. తెల్లారేసరికి గింజ వేలితో నొక్కితే చితికిపోయేది. నూనె, జీలకర్ర పొడి, నిమ్మరసం, ఉప్పు వేసి కాస్త మెదిపి, రొట్టెతో అద్దుకు తినడమే. ఇంత తక్కువ సరుకుతో ఇంత కమ్మని ఫలహారం అరుదు!

అక్కడి తామియా కూడా ఫావాతోనే. నానిన పప్పును కొత్తిమీరతో పచ్చిగానే రుబ్బి, మన మసాలా వడల్లా వేయిస్తారు. పొరుగు దేశాల్లో ఇలాంటి వడే అయిన ఫలాఫెల్‌లో ఎక్కువగా కాబూలీ శనగలు వాడతారు.

జీ6పీడీ ఎంజైము లోపం ఉన్నవాళ్లు మాత్రం ఫావా జోలికే పోకూడదు. ఎర్ర రక్తకణాలు చితికి, ప్రాణం మీదికి రావచ్చు.