స్టీరింగులో బెత్తెడు ఖాళీ

సదుం చుట్టుపక్కల పొలాల్లో కోసిన టమాటా క్రేట్లకెక్కి మదనపల్లె మార్కెట్‌కు చేరుతుంది. దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటైన ఆ యార్డు నుంచి అదే సరుకు చెన్నైకి, బెంగళూరుకు, ఇంకా దూరపు నగరాలకు లారీల్లో వెళుతుంది. కుప్పం గ్రానైటు దిమ్మెలకూ, చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్లే మామిడికీ దారి లారీయే. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడి బరువు తిరుపతికి పోవాలంటే భాకరాపేట ఘాటు, పలమనేరు మీదుగా చిత్తూరుకు పోవాలంటే మొగిలి ఘాటు దిగాలి. ఘాటు పేరు చెప్పగానే అందరికీ బ్రేకులే గుర్తొస్తాయి. ఆ భయం సబబే. కానీ మలుపులో లారీని దాని దారిలో నిలిపేది ముందు ఇరుసు. పదేళ్లు, పదిహేనేళ్లు తిరిగిన లారీలో ఆ ఇరుసు చుట్టూ అరిగిన భాగాలను ఒకదాని తర్వాత ఒకటి, విరిగినప్పుడల్లా మార్చుకుంటూ పోవడం మన దగ్గర అలవాటు. ఈ అలవాటు ప్రమాదకరం, పైగా ఖరీదైనది. స్టీరింగు చక్రం నుంచి టైరు దాకా ఉన్నదంతా ఒకే గొలుసు. కొలవాల్సి వస్తే మొత్తం గొలుసును కొలవాలి, అరిగిన లింకులన్నిటినీ ఒకే విడతలో మార్చాలి.

ఆ గొలుసులో ఏమేం ఉన్నాయో చూద్దాం. డ్రైవరు తిప్పే చక్రం ఒక కడ్డీ ద్వారా స్టీరింగు బాక్సును తిప్పుతుంది. బాక్సు కింద వేలాడే డ్రాప్ ఆర్మ్ ముందుకూ వెనక్కూ కదిలి డ్రాగ్ లింకును తోస్తుంది. డ్రాగ్ లింకు ఒకవైపు చక్రాన్ని తిప్పితే, రెండు చక్రాలనూ కలిపే టై రాడ్ రెండోవైపు చక్రాన్ని తిప్పుతుంది. ఈ కడ్డీల చివరలన్నిటా బాల్ జాయింట్లు ఉంటాయి. చక్రం తిరగడానికి ఇరుసు రెండు కొసల్లోనూ నిలువుగా దిగిన ఉక్కు మేకులున్నాయి, వాటినే కింగ్‌పిన్ అంటారు. తలుపుకు బందు ఎలాంటిదో ముందు చక్రానికి కింగ్‌పిన్ అలాంటిది. పిన్ను చుట్టూ పైనా కిందా బుష్షులు, లారీ ముందు బరువు మోయడానికి అడుగున ఒక థ్రస్ట్ బేరింగు ఉంటాయి. ఈ ఇరుసంతా కమాన్ పట్టీల మీద, యూ బోల్టుల బిగింపుతో నిలుస్తుంది. పట్టీల చివర షాకిళ్లు, పిన్నులు, వాటికీ బుష్షులు. ఇన్ని కీళ్లలో ఒక్కోదానిలో వెంట్రుకవాసి ఖాళీ పెరిగినా డ్రైవరు చేతికి అందేది వాటి మొత్తం.

ఈ ఖాళీ ఎంతవరకు ఉండొచ్చో చట్టం చెబుతుంది. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 98వ నియమం ప్రకారం స్టీరింగు చక్రం మీద వృథా కదలిక 30 డిగ్రీలు దాటకూడదు. బాల్ జాయింట్లకు రబ్బరు టోపీలు ఉండాలి, బోల్టులు, పిన్నులు ఊడిపోకుండా గట్టిగా లాక్ అయి ఉండాలి. 50 సెంటీమీటర్ల వ్యాసమున్న స్టీరింగు అంచు మీద 30 డిగ్రీలంటే సుమారు 13 సెంటీమీటర్లు, అంటే నడిమి నుంచి అటు బెత్తెడు, ఇటు బెత్తెడు. వినడానికి చిన్నదే. రోడ్డు మీద అదెంత అవుతుందో లెక్క వేద్దాం. స్టీరింగు 20 డిగ్రీలు తిరిగితే ముందు చక్రం 1 డిగ్రీ తిరుగుతుందనుకుంటే, నడిమి నుంచి ఒకవైపు ఖాళీ 15 డిగ్రీలకు చక్రం మీద ముప్పాతిక డిగ్రీ దక్కుతుంది. రెండు ఇరుసుల మధ్య 4.2 మీటర్లున్న లారీ గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, ఆ ముప్పాతిక డిగ్రీ ఒక్క సెకనులో లారీని 40 సెంటీమీటర్లకు పైగా పక్కకు జరపగలదు. ఇప్పుడు రోడ్డు వైపు చూడండి. రెండు వరుసల రోడ్డు వెడల్పు 7 మీటర్లు. లారీ వెడల్పుకు నియమం పెట్టిన గరిష్ఠ హద్దు 2.6 మీటర్లు. ఎదురెదురుగా రెండు లారీలు దాటుతుంటే మిగిలేది 1.8 మీటర్లు. దాన్ని అటు అంచుకూ, ఇటు అంచుకూ, నడిమికీ పంచితే ఒక్కోచోట 60 సెంటీమీటర్లు. అద్దాలను ఇందులో లెక్కించనేలేదు. అంటే చట్టం చివరి హద్దుగా ఒప్పుకున్న ఖాళీయే, ఒక గుంతలో చక్రం పడి డ్రైవరు సర్దుకునే లోపు, నడిమి జాగాలో ముప్పాతిక వంతుకు దగ్గరగా మింగేస్తుంది. 30 డిగ్రీలు అనేది అంతకు మించితే బండి రోడ్డెక్కకూడదని గీసిన గీత. అంతవరకు నిశ్చింతగా ఉండొచ్చని దానికి అర్థం లేదు.

'నా చేతికి అలవాటైపోయింది, ఎంత ఖాళీ ఉందో నాకు తెలుసు' అనే మాట అనుభవమున్న డ్రైవర్ల నుంచి వస్తుంది. అందులో నిజం లేకపోలేదు. తిన్నని రోడ్డు మీద, తెలిసిన బండిని, తెలిసిన బరువుతో చెయ్యి సరిదిద్దుకుంటూ పోతుంది. అయితే చెయ్యి సరిదిద్దగలిగేది ఎప్పుడూ ఒకేలా ఉండే ఖాళీని మాత్రమే. అరిగిన కీళ్లలో ఖాళీ ఒకేలా ఉండదు. బరువు ఎక్కితే ఒక రకం, ఖాళీ బండికి ఒక రకం. ఘాటు దిగుతూ బ్రేకు తొక్కినప్పుడు బరువంతా ముందు ఇరుసు మీదికి వాలుతుంది, అప్పుడు ఇంకో రకం. మరి కొందరు 'ఎఫ్‌సీ అయింది కదా' అంటారు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఫిట్‌నెస్ పత్రం ఏడాదికొకసారి తీసుకోవాలి. రోజుకు 300 కిలోమీటర్ల చొప్పున ఏడాదిలో 250 రోజులు తిరిగే లారీ రెండు పరీక్షల మధ్య 75,000 కిలోమీటర్లు నడుస్తుంది. పరీక్ష నాటి స్థితి ఆ దూరమంతా అలాగే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. కింగ్‌పిన్ అరుగుదల స్టీరింగు చక్రం మీద పెద్దగా కనపడదు. పిన్ను వదులైతే చక్రం పైకీ కిందికీ వాలుతుంది, ఒక వేగం దగ్గర ముందు చక్రాలు అల్లాడుతాయి, అయినా స్టీరింగు ఖాళీ హద్దులోనే ఉండొచ్చు. స్టీరింగును మాత్రమే తిప్పి చూసి ముందు ఇరుసు బాగుందని తేల్చడం చెయ్యి పట్టి చూసి కాలి నొప్పి లేదనడమే.

అందుకే మొదట మార్చడం కాదు, వెతకడం. దానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. చదును నేల మీద ముందు ఇరుసును జాకీతో లేపి, తప్పనిసరిగా కింద స్టాండ్లు పెట్టి, టైరు కింద గడ్డపార వేసి పైకీ కిందికీ ఆడించాలి. చక్రం ఆడితే అది హబ్ బేరింగు లోపమా, కింగ్‌పిన్ లోపమా అన్న అనుమానం వస్తుంది. ఒకరు బ్రేకు తొక్కి పట్టుకోవాలి. ఆట ఆగిపోతే లోపం బేరింగులో ఉంది, ఇంకా ఆడుతుంటే కింగ్‌పిన్‌లో ఉంది. తర్వాత చక్రాలు నేల మీద ఉండగా ఒకరు స్టీరింగును అటూ ఇటూ కొద్దిగా తిప్పుతుంటే, ఇంకొకరు బాక్సు నుంచి టై రాడ్ దాకా ఒక్కో కీలు మీద చెయ్యి వేసి చూడాలి. ఇటు కొస కదిలి అటు కొస కదలని చోటే ఖాళీ ఉంది. ఈ వెతుకులాట మానేసి చాలాచోట్ల చేసే దగ్గరి దారి ఒకటుంది: స్టీరింగు బాక్సు మీది సర్దుబాటు స్క్రూను బిగించడం. ఖాళీ వెంటనే తగ్గినట్టు అనిపిస్తుంది. నిజానికి అరిగినవి బాల్ జాయింట్లయితే వాటిలో ఏ మార్పూ రాలేదు, బాక్సు మాత్రం బిగుసుకుంది. బాక్సులోని పళ్లు ఎక్కువగా అరిగేది తిన్నగా పోయే నడిమి భాగంలో. అక్కడ ఖాళీ పోయేంతగా బిగిస్తే మలుపులో పట్టేస్తుంది, మలుపు తిరిగాక చక్రం తనంతట తాను నడిమికి రాదు. వదులు స్టీరింగు కన్నా ఘాటు మలుపులో పట్టేసే స్టీరింగే ప్రాణాంతకం.

కింగ్‌పిన్ల పని ఈ మొత్తంలో కష్టమైనది, ఓపిక అడిగేది. చక్రం, హబ్బు, బ్రేకు ప్లేటు విప్పి, లాక్ పిన్ను తీసి, ఏళ్ల తుప్పుతో పట్టుకుపోయిన కింగ్‌పిన్నును బయటికి తీయాలి. రానప్పుడు గ్యాసు మంటతో ఇరుసును ఎర్రగా కాల్చడం పెద్ద తప్పు. వేడి చేసి బలం పోసిన ఉక్కు మళ్లీ అలా కాలితే ఆ బలం పోతుంది. కొత్త బుష్షులను ప్రెస్సుతో దించి, గ్రీజు రంధ్రాలు సరిగా ఎదురెదురుగా వచ్చాయో లేదో చూసి, కొత్త పిన్నుకు తగ్గట్టు రీమరు వేయాలి. థ్రస్ట్ బేరింగును కొత్తది వేసి, నిలువు ఖాళీని షిమ్ములతో సరిచేయాలి. ఇరుసులోని రంధ్రమే కోలగా అరిగిపోయి ఉంటే ఎంత మంచి పిన్ను వేసినా కొన్నాళ్లలో మళ్లీ వదులవుతుంది. ఆ సంగతి పని మొదట్లోనే చూసుకోవాలి. ఇంత శ్రమ పడి ఒకవైపు పిన్ను మాత్రమే మార్చి, రెండోవైపు 'ఇంకా కొంతకాలం వస్తుంది' అని వదిలేస్తే బిగుతైన చక్రం ఒక రకంగా, వదులైన చక్రం ఇంకో రకంగా తిరుగుతాయి, బండి ఒకవైపు లాగుతుంది. కొత్త పిన్నులు వేసి పాత టై రాడ్ ఎండ్లనే ఉంచితే అలైన్‌మెంటు నిలవదు. కమాన్ పిన్నుల బుష్షులు అరిగితే ఇరుసే గుంతకొకసారి పక్కకు జరుగుతుంది, యూ బోల్టు వదులై సెంటరు బోల్టు తెగితే ఇరుసు ఒకవైపు వెనక్కి పోతుంది. అలాంటి ఇరుసు మీద చేసే ఏ స్టీరింగు పనీ పని కాదు. అందుకే క్రమం ముఖ్యం: హబ్ బేరింగులు, కమాన్ పట్టీలు, కింగ్‌పిన్లు, కడ్డీల కీళ్లు, ఆ తర్వాత బాక్సు సర్దుబాటు, అన్నిటికన్నా చివర అలైన్‌మెంటు. బరువుతో కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులను మళ్లీ బిగించాలి.

'ఒక్క లారీ మీద బతికేవాడు ఇన్నీ ఒకేసారి ఎలా మారుస్తాడు?' ఈ ప్రశ్నను తేలిగ్గా తీసేయలేం. వాయిదాలు, డీజిలు, టోలు, సీజను దాటితే దొరకని బాడుగ, ఇవన్నీ నిజాలు. అయినా ఖర్చును పూర్తిగా లెక్కిస్తే విడివిడి మార్పులే భారమని తేలుతుంది. కింగ్‌పిన్ను విప్పిన రోజే హబ్ బేరింగు, టై రాడ్ ఎండు చేతికి అందుతాయి. రెండు నెలల తర్వాత వాటి కోసం మళ్లీ విప్పితే కూలీ రెండుసార్లు, బండి నిలిచే రోజులు రెండుసార్లు. ఇక టైర్లు. మీటరు వ్యాసమున్న ముందు చక్రాల ముందు అంచుల మధ్య దూరానికీ, వెనక అంచుల మధ్య దూరానికీ ఉండాల్సిన తేడా 6 మిల్లీమీటర్లు తప్పితే, కిలోమీటరుకు ఒక్కో టైరు 3 మీటర్లు పక్కకు ఈడ్చుకుపోయినట్టు లెక్క. రోజుకు 300 కిలోమీటర్లు తిరిగే బండిలో ఒక్కో టైరును 900 మీటర్లు అడ్డంగా తారు మీద రాసినట్టే. అరచేత్తో టైరు మీద అడ్డంగా నిమిరితే ఒకవైపు నున్నగా, ఇంకోవైపు రంపపు పళ్లలా తగిలితే ఆ రాపిడి జరుగుతోందని అర్థం. కీళ్లకు పెట్టనన్న డబ్బు ఆ టైరు మీద రోజూ ఖర్చవుతూనే ఉంది. అన్నీ ఒకేసారి అంటే బాగున్నవాటినీ పారేయమని కాదు. కొలిచి చూసి అరిగాయని తేలినవాటిని, జతలుగా, ఒకే విడతలో మార్చమని.

డబ్బు తగ్గించుకోవడానికి తొక్కకూడని దారులు కూడా ఉన్నాయి. వంగిన టై రాడ్డును కాల్చి తిన్నగా చేయడం, బీటిచ్చిన డ్రాప్ ఆర్మ్‌కు వెల్డింగు పెట్టడం, పాత స్ప్లిట్ పిన్నునే మళ్లీ వంచి వేయడం పైకి మరమ్మతులా కనిపిస్తాయి. స్టీరింగులో ఒక కడ్డీ తెగితే బ్రేకుకున్నట్టు రెండో దారి ఏదీ ఉండదు, చక్రం తన ఇష్టం వచ్చిన వైపు పోతుంది. మన మెకానిక్కుల చేతి నైపుణ్యం గొప్పది, దొరకని భాగాన్ని లేత్ మీద తయారుచేసి బండిని ఇంటికి చేర్చిన పనితనం వాళ్లది. బాడీ పనిలో, ఇంజను పనిలో ఆ తెలివికి చోటుంది. స్టీరింగు కడ్డీల్లో మాత్రం పేరున్న కంపెనీ భాగం, బిల్లుతో సహా, కొనడమే సరైన పొదుపు.

'ఇంత తంటా ఎందుకు, పాత లారీని తుక్కుకు పంపి కొత్తది కొనడమే మేలు కదా' అనేవారూ ఉన్నారు. కొనగలిగినవారికి అది మంచి సలహాయే. కానీ 2021లో కేంద్రం తెచ్చిన తుక్కు విధానం కూడా ప్రైవేటు లారీని వయసును మాత్రమే చూసి తీసేయమనలేదు, ఫిట్‌నెస్ పరీక్షలో నిలవని బండిని తీసేయమంది. ఆ ఆలోచనలో న్యాయం ఉంది. ముందు ఇరుసును కొలతల్లో ఉంచిన పాత లారీ, పట్టించుకోకుండా వదిలేసిన కొత్త లారీ కన్నా నమ్మదగినది. ఆ నమ్మకాన్ని నిలిపేది చాలావరకు గ్రీజే. కింగ్‌పిన్‌కు గ్రీజు కొట్టేటప్పుడు ఇరుసును జాకీతో లేపాలి. బరువు తొలిగితేనే గ్రీజు అడుగు బేరింగు దాకా చేరుతుంది. పాత నల్ల గ్రీజు పోయి కొత్తది బయటికి కనపడేదాకా కొట్టాలి. చిరిగిన రబ్బరు టోపీని ఆ రోజే మార్చాలి. పొలం దారుల దుమ్ము గ్రీజులో కలిస్తే అదే సానరాయి అవుతుంది.

లారీ యజమానులకు ఒక మనవి. ఈ వేసవి టమాటా సీజను మొదలయ్యే ముందు ఒక్క పూట బండిని జాకీ మీదికి ఎక్కించండి. గడ్డపారతో చక్రాన్ని ఆడించి చూడండి, స్టీరింగు అంచు మీద ఖాళీని స్కేలుతో కొలిచి కాగితం మీద రాసిపెట్టండి, మూడు నెలలకు మళ్లీ కొలిచి పోల్చండి. ఆ అంకె పెరుగుతుంటే ఎఫ్‌సీ తేదీ దాకా ఆగకండి. సదుం నుంచి పుంగనూరుకైనా, మొగిలి ఘాటు దిగి చెన్నైకైనా, మీ బండికి ఎదురుగా వచ్చేవాళ్లకు మీరు ఇవ్వగలిగిన చోటు 60 సెంటీమీటర్లే. అది పూర్తిగా వాళ్లకే మిగలాలి.