ఫాలోయింగ్: పరుల వెంట నడచినవాని కథ

డిటెక్టివ్ నవలను పాఠ్యపుస్తకములో దాచుకొని చదివే విద్యార్థిని మందలించుట మన ఉపాధ్యాయులకు పరిపాటి. ఆ మందలింపులో కొంత న్యాయమున్నది; కొంత తొందరపాటును ఉన్నది. అపరాధకథను సాహిత్యదృష్టితో నిర్మించినవారు పాశ్చాత్య దేశములలో పెక్కుమంది కలరు. అట్టి కథనొకదానిని లండనులో ఒక యువకుడు, చేతిలో తగినంత ధనము లేకయే, చలనచిత్రముగా తీసినాడు. ఆయన క్రిస్టఫర్ నోలన్. చిత్రము పేరు 'ఫాలోయింగ్', అనగా వెంబడించుట. 1998లో వెలువడిన ఈ చిత్రము నిడివి సుమారు 70 నిమిషములు.

నోలన్ యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఆంగ్లసాహిత్యము చదివినాడు. చలనచిత్ర విద్యాలయములో చేరినవాడు కాడు. కళాశాల చలనచిత్ర సంఘమువారి పరికరములతోనే చేయి తిప్పుకొన్నాడు. ఒకసారి ఆయన నివాసములో దొంగలు పడినారు. తాను లేనివేళ తెలియనివారు తన వస్తువుల నడుమ తిరిగినారన్న ఆలోచన ఈ కథకు బీజమైనది.

కథానాయకునికి ఉద్యోగము లేదు. రచయిత కావలెనని కోరిక. వ్రాయుటకు మనుష్యులు కావలెను గదా! లండను వీథులలో ఎవరినో ఒకరిని ఎంచుకొని, వారెచ్చటికి పోవుదురో, ఏమి చేయుదురో చూచుచు వెనుక నడచును. దీనికొక నియమము పెట్టుకొన్నాడు: ఒకరిని రెండవసారి వెంబడింపరాదు. నియమమనగానే అది తప్పునని పాఠకులు ఊహించియే ఉందురు. ముదురురంగు సూటు తొడిగి, సంచి చేతబట్టిన ఒక వ్యక్తిని అతడు మరల మరల వెంబడించును. ఆ వ్యక్తి ఒకనాడు కాఫీహోటలులో తిన్నగా వచ్చి ఎదుట కూర్చుండి సంగతేమని నిలదీయును. అతని పేరు కాబ్, వృత్తి దొంగతనము.

కాబ్ సామాన్యపు దొంగ కాడు. ధనముకన్న మనుష్యుల గుట్టుపై అతనికి మక్కువ. ప్రతివారికిని ఒక పెట్టె ఉండునట. అందులో ఛాయాచిత్రములు, జాబులు, పరుల కక్కరకురాని చిల్లర వస్తువులు. వాటిని తారుమారు చేసి పోవుట అతనికి వేడుక. పోగొట్టుకొన్నప్పుడుగాని తమకేమి ఉండెనో మనుష్యులకు తెలియదని అతని వాదము. దొంగ నోట తత్త్వము! వినుటకు ఇంపుగనే ఉండును. ప్రమాదమంతయు అందులోనే ఉన్నది.

నాకు అన్నిటికన్న నచ్చిన ఘట్టమొకటి కలదు. యువకుడు కాబ్‌ను ఒక ఇంటికి దొంగతనమునకు తీసికొనిపోవును. అది తన సొంత గదియే. ఆ మాట చెప్పడు. కాబ్ నలువైపుల కలియజూచి, ఇక్కడ ఉండువాడు పనిపాటలు లేనివాడని, తీసికొనదగినదేదియు లేదని చులకన చేయును. గదిగలవాడు ప్రక్కననే నిలిచి అదంతయు వినవలెను. (ఆ తలుపుమీద బాట్‌మాన్ గుర్తు అంటించి ఉన్నది. అదే బాట్‌మాన్ కథతో నోలన్ తరువాత 2005 మొదలు 2012 వరకు మూడు భారీ చిత్రములు తీసినాడు.) పరుల బ్రతుకును చదువబోయినవానికి మరియొకడు అతని బ్రతుకునే చదివి వినిపించినాడు. వ్యాసరచన నేర్పునపుడు లోకమును పరిశీలింపుడని విద్యార్థులకు చెప్పుదుము. పరిశీలనకును, పరుల ఇంటిలోనికి తొంగిచూచుటకును నడుమ గీత ఎక్కడ గీయవలెనో చెప్పము. ఈ కథ ఆ గీతమీదనే నడచినది. తాను చూచుచున్నాననుకొన్నవానిని మరొకరు చూచుచున్నారు. అతని కుతూహలమే అతనికి ఉచ్చు. ఆ ఉచ్చును పన్నినదెవరో చెప్పి, చూడబోవువారి ఆనందమును చెరుపను.

కథ వరుసగా నడువదు. యువకుడు ఒక పోలీసు అధికారికి తన వృత్తాంతము చెప్పుచుండగా ముందువెనుకల ఘట్టములు కలగలసి వచ్చును. ఐనను ప్రేక్షకుడు దారి తప్పడు. ఆనవాళ్లు నాయకుని రూపములోనే ఉన్నవి. పెరిగిన జుట్టు, నలిగిన దుస్తులు ఐనచో తొలిదశ. కత్తిరించిన జుట్టు, సూటు ఐనచో తరువాతిది. ముఖము వాచి గాయపడి ఉన్నచో ఇంకను తరువాతిది. ఆ గాయము ఎట్లు తగిలినదో చాలసేపటికిగాని తెలియదు. కార్యమును ముందు చూపి కారణమును పిమ్మట విప్పుట మనకు క్రొత్త కాదు. 16వ శతాబ్దములోనే పింగళి సూరన 'కళాపూర్ణోదయము'ను ఇట్టి అల్లికతో నడిపినాడు. ఆ కావ్యమును తరగతిలో చెప్పిన ఉపాధ్యాయునికి నోలన్ పద్ధతి చిక్కుగా తోపదు.

ఇక వ్యయము సంగతి. తొలుత ఖర్చైనది సుమారు 3,000 పౌండ్లు. 16 మిల్లీమీటర్ల నలుపు తెలుపు ఫిలిం. పనిచేసినవారందరికిని వేరు కొలువులున్నందున వారాంతములలోనే చిత్రీకరణ. అట్లు ఏడాది గడచినది. రచన, దర్శకత్వము, ఛాయాగ్రహణము నోలన్‌వే. నాయకపాత్రధారి జెరెమీ థియోబాల్డ్ నిర్మాతలలో ఒకడు; ఎమ్మా థామస్ మరియొకరు. ఇళ్లు తెలిసినవారివి; వెలుతురు చాలవరకు కిటికీలగుండ వచ్చినది. ఫిలిం ప్రియము గనుక, నాటకమునకు వలె ముందుగా పలుమారులు అభ్యాసము చేసి, ఒకటి రెండు సారులలోనే దృశ్యమును ముగించెడివారు. చేతబట్టిన కెమెరా అక్కడక్కడ వణకును. ఆ వణకు ఇచ్చట దోషము కాదు. కెమెరాయే ఎవరినో వెంబడించుచున్నట్లుండును.

లోపములు లేవనను. లూసీ రస్సెల్ ధరించిన యువతి పాత్ర పాత అమెరికను నేరచిత్రములనుండి ఎరువు తెచ్చినట్లున్నది; ఆమెకంటూ ఒక మనస్సు కనబడదు. కాబ్ మాటలును కొన్నిచోట్ల రంగస్థలపు వాసన కొట్టును.

పేరున్న నటులు లేని ఇంత చిన్న చిత్రమును పంపిణీదారులు తమంతట వెదకికొని రారు. చలనచిత్రోత్సవములే దానికి దిక్కు. అచ్చట విమర్శకులును, వ్యాపారులును ఒక్కచోట కూడుదురు. 'ఫాలోయింగ్' 1998లో శాన్‌ఫ్రాన్సిస్కో ఉత్సవములో ప్రదర్శితమైనది; 1999లో హాలెండు దేశపు రోటర్‌డాం ఉత్సవములో టైగర్ పురస్కారము పొందినది. ఆ ఏడాది ఏప్రిలులో అమెరికాలోను, నవంబరులో బ్రిటనులోను విడుదలైనది. లండను కథ లండను హాళ్లకు చేరుసరికి నోలన్ అమెరికాలో తన రెండవ చిత్రము 'మెమెంటో' చిత్రీకరణను ముగించినాడు. నాటి నిర్మాత ఎమ్మా థామస్ ఆయన భార్య. 2024లో 'ఓపెన్‌హైమర్'కు ఉత్తమ చిత్రముగా ఆస్కారు వచ్చినపుడు దానిని అందుకొన్న నిర్మాతలలో ఇద్దరును ఉన్నారు. కాబ్ వేషము కట్టిన అలెక్స్ హా మాత్రము సినిమాలలో నిలువలేదు. ఆయన భవనములకు రూపకల్పన చేయు వాస్తుశిల్పి అయినాడు.