అరిష్టకం: మన కుంకుడు చెట్టు

‘అరిష్టం’ అన్న మాట చెవిని పడగానే మన మనస్సు కీడును శంకిస్తుంది. ఇంటికి అరిష్టం, ఊరికి అరిష్టం అని వాడుక. కాని సంస్కృతంలో ‘రిష్’ ధాతువుకు హింసించుట, హాని చేయుట అని అర్థం. దానికి ముందు నిషేధార్థకమైన అకారం చేరితే హాని లేనిది, హాని చేయనిది అని రావాలి. వచ్చింది కూడా. వేపచెట్టుకు అరిష్టమని పేరు. బాలింత ఉండే పురిటిగదికి అరిష్టమని పేరు. ఆయుర్వేదంలో పులియబెట్టి నిలువచేసే ఔషధాలకూ అదే పేరు. కీడును కీడని పలకడానికి జంకి మేలు పేరుతోనే పిలిచే అలవాటు వల్ల ఒకే మాట ఇలా రెండు వైపులకు పోయిందని నా ఊహ. కుంకుడు చెట్టుకు గల అరిష్టం, అరిష్టకం అనే పేర్లు శుభార్థంలోనివే. అమరసింహుడు తన కోశంలోని వనౌషధివర్గంలో దీనికే ఫేనిలమని మరొక పేరు చెప్పాడు. ఫేనమంటే నురుగు. నురుగు గలది ఫేనిలం.

ఈ చెట్టును గురించి ఇప్పుడు వ్రాయడానికి ఒక కారణం ఉన్నది. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు ఆలయాలలో భక్తులు ఎంతో శ్రద్ధతో పట్టువస్త్రాలు సమర్పిస్తున్నారు. అవి సమర్పించినప్పటి కాంతితో ఎన్నాళ్లు నిలుస్తున్నాయన్నది వేరే ప్రశ్న. కొన్నేళ్ల క్రితం ఒక ఆలయంలో అమ్మవారి ఎర్రపట్టు చీరను చూశాను. రెండు ఉత్సవాలకే రంగు వెలిసి, బిరుసెక్కి, మడతల వద్ద చిట్లి ఉన్నది. విచారిస్తే బజారులో దొరికే బట్టల సబ్బుపొడిలో రాత్రంతా నానబెట్టి ఉతికారని తెలిసింది. ఉతికినవారి భక్తిలో లోపం లేదు. ఏ వస్త్రాన్ని దేనితో శుద్ధి చేయాలన్న తెలివిడి మాత్రం ఒక తరం నుంచి మరొక తరానికి అందలేదు.

పట్టు పురుగు నుంచి పుట్టినది. ఉన్ని గొర్రె నుంచి వచ్చినది. మన తలవెంట్రుకల వలెనే ఈ రెండూ ప్రోటీనుతో ఏర్పడినవి. క్షారం వీటిని లోలోపల కొరికివేస్తుంది. పత్తి అట్లా కాదు. అది చెట్టున పుట్టినది, క్షారానికి ఓర్చుకోగలదు. అందువల్లనే పూర్వం రజకులు నూలుబట్టలను చవుడు మట్టి నీటితో ఉడకబెట్టినా వాటికి ముప్పు కలిగేది కాదు. 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘాన్ని స్థాపించిన ఎమ్మిగనూరులో నూలుకు ఒక మర్యాద, పట్టుకు ఒక మర్యాద అని మగ్గమున్న ఇంటివారికి నేను చెప్పనక్కరలేదు. మగ్గం లేని మనబోటివారికే చెప్పుకోవాలి.

సబ్బు అంటే నూనెను క్షారంతో కలిపి చేసినది. బట్టల సబ్బుపొడులలో సాధారణంగా సోడా కూడా ఉంటుంది. కుంకుడు రసంలో క్షారం లేదు, పైగా స్వల్పంగా ఆమ్లగుణం ఉన్నది. రుచికి చేదైనా మన స్త్రీలు దానిని ‘కుంకుడు పులుసు’ అని ఎందుకన్నారో తెలియదు గాని, ఆ మాట శాస్త్రానికి సరిగ్గా సరిపోయింది. కాయ పైతోలులోని గుజ్జులో సపోనిన్ అనే పదార్థం ఉంటుంది. దాని అణువులో ఒక కొన జిడ్డును పట్టుకుంటుంది, మరొక కొన నీటిని పట్టుకుంటుంది. ఆ రెండింటి నడుమ మురికి బట్టను వదలి నీటిలోకి వస్తుంది. దారానికి ఏమీ కాదు. అరిష్టకమన్న పేరు ఇక్కడ సార్థకమైనది.

మన ప్రాంతానికి దీనితో మరొక ప్రయోజనం ఉన్నది. ఇక్కడ చాలా బోర్లలోనివి గట్టినీళ్లు, ఉప్పునీళ్లు. అందులోని సున్నపు పాలు సబ్బుతో కలిసి తెల్లని తెట్టుగా మారుతుంది. నురుగు రాదు, ఆ తెట్టు బట్టకే అంటుకుంటుంది. కుంకుడు రసం గట్టినీటిలోనూ నురుగునిస్తుంది, తెట్టు కట్టదు.

ద్రవ్యశుద్ధి ధర్మశాస్త్రంలో ఒక ప్రకరణమే. మనుస్మృతి అయిదవ అధ్యాయంలో ఏ వస్త్రానికి ఏది శోధకమో విడివిడిగా చెప్పబడింది. పట్టుకు, ఉన్నికి చవుడు మట్టి, కుతపాలకు అరిష్టకం, సన్నని వల్కల వస్త్రాలకు మారేడు కాయ, నారబట్టలకు తెల్ల ఆవాలు. యాజ్ఞవల్క్య స్మృతి కూడా కుతపానికి అరిష్టాన్నే విధించింది. కుతపమంటే కొండమేక రోమంతో నేసిన కంబళి. మన పల్లెలలో కురువలు గొర్రె ఉన్నితో నేసే నల్లకంబళి దానికి దగ్గరి చుట్టం. పట్టుకు చవుడు చెప్పారు గదా, కుంకుడు ఎందుకని చదువుకున్నవారు అడగవచ్చు. స్మృతికారులు శుద్ధిని చెప్పారు. వస్త్రం ఎన్నాళ్లు మన్నాలన్నది వారి ప్రశ్న కాదు. పట్టును కుంకుడుతో కడగడం తరువాతివారు అనుభవంతో నేర్చుకున్నది. శాస్త్రం అరిష్టకాన్ని శోధకంగా అంగీకరించే ఉన్నది కనుక ఇందులో విరోధమేమీ లేదని నా అభిప్రాయం.

ఇక చెట్టు సంగతి. స్వీడన్ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో ఈ జాతికి ‘సాపిండస్’ అని నామకరణం చేశాడు. హిందూదేశపు సబ్బు అని దాని భావం. అమరుని ఫేనిలానికి ఇది దూరపు ప్రతిధ్వని. మన దక్షిణదేశపు కుంకుడును సాపిండస్ ఎమార్జినేటస్ అంటారు. ఆకు కొన వద్ద చిన్న నొక్కు ఉండడం వల్ల ఆ పేరు వచ్చింది. ఉత్తరాన హిమాలయ పాదాలలో పెరిగేది సాపిండస్ ముకొరోస్సి. బజారులో రీఠా పేరుతో వచ్చే గుండ్రని ఒంటికాయలు సాధారణంగా దానివి. మన కాయలు రెండు మూడు ఒకదానికొకటి అంటుకొని గుత్తిగా ఉంటాయి. విడదీస్తే అతుకు గుర్తు కనబడుతుంది. లిచీ పండు చెట్టుది కూడా ఇదే కుటుంబమంటే కొందరు నమ్మరు.

కుంకుడు పది పదిహేను మీటర్ల వరకు పెరిగే నీడచెట్టు. ఒక్కొక్క ఈనెకు రెండు మూడు జతల ఆకులు. శీతకాలపు తొలిదినాలలో కొమ్మల చివర తెల్లని చిన్నపూలు గుత్తులుగా పూస్తాయి, తేనెటీగలు ముసురుతాయి. మాఘం నుంచి చైత్రం లోపల కాయలు పండి ముడతలు పడతాయి. లోపల నున్నని నల్లగింజ. తూర్పుకనుమల పొడి అడవులలో, నల్లమలలో ఇది స్వయంగా పెరుగుతుంది. మన పడమటి తాలూకాలలో మాత్రం నేను దీనిని బావిగట్లమీద, తోటల అంచున, గుడి ఆవరణలలో ఎవరో నాటిన చెట్టుగానే ఎక్కువగా చూశాను. సరిహద్దు పల్లెలలో కన్నడం మాట్లాడేవారు దీనిని అంటువాళ అంటారు. మోట బావులు పూడిపోయిన చోట ఆ గట్టుమీది చెట్లూ పోయాయి.

అభ్యంగన స్నానం సంగతి అందరికీ తెలిసినదే. నరకచతుర్దశినాడు, ఉగాదినాడు నువ్వులనూనె, సున్నిపిండి, ఆపైన కుంకుడు రసం. రసం కంట్లో పడి పిల్లలు ఏడిస్తే పెద్దవారు ఉప్పుకల్లు నోట్లో పెట్టేవారు. మంట తగ్గేదో లేదో గాని ఏడుపు ఆగేది. కంసాలులు వెండి బంగారు నగలను నేటికీ దీనితోనే తోముతారు. స్వామివారి వెండి కవచాలకు, కిరీటాలకు ఇంతకంటె మెత్తని శోధకం నేనెరుగను. గరుకుపొడులతో తోమితే నగిషీ అరిగిపోతుంది.

హాని చేయనిదన్న పేరు వస్త్రానికి, లోహానికి సంబంధించినంతవరకే. కడుపులోకి పోతే వాంతి చేయిస్తుంది. వైద్యులు దానినే ఒక గుణంగా వాడుకున్నారు గాని, మనం ఇంట్లో ప్రయోగం చేయరాదు. చేపలకైతే ఇది విషమే. సపోనిన్ వాటి మొప్పలను దెబ్బతీస్తుంది. కొన్నిచోట్ల ఈ కాయల రసంతో చేపలకు మత్తెక్కించి పట్టడం కూడా ఉన్నది. కనుక మంత్రాలయం వద్ద తుంగభద్రలో స్నానం చేసే యాత్రికులకు, కోనేటి మెట్లమీద కూర్చునేవారికి నా విన్నపం. సబ్బైనా, షాంపూ అయినా, కుంకుడైనా తీర్థజలంలో కలపవద్దు. ఒడ్డున చెంబుతో తలస్నానం ముగించుకొని, తరువాత నదిలో మునగండి. తీర్థంలో దేహమాలిన్యాన్ని విడువరాదని పెద్దలు చెప్పినది ఇందుకే.

పట్టువస్త్రం కడిగే పద్ధతి. చీరకు పది పన్నెండు కాయలు చాలు. రాతితో చితకగొట్టి గింజలు తీసి, గోరువెచ్చని నీళ్లలో రాత్రి నానబెట్టాలి. ఉదయం పిసికి, పలుచని బట్టతో రెండుమార్లు వడకట్టాలి. వడకట్టని రసం లేతరంగు పట్టుమీద గోధుమరంగు మరక వేస్తుంది. దీపపు నూనె పడినచోట ముందుగా శనగపిండి చల్లి కొంతసేపు ఉంచి దులిపివేయాలి. చల్లని నీటిలో ఆ రసం కలిపి, వస్త్రాన్ని ముంచి చేతితో మెల్లగా ఒత్తాలి. బండకేసి బాదరాదు, పిండరాదు, ఎక్కువసేపు నానబెట్టరాదు. మంచినీళ్లలో మూడుమార్లు జాడించి నీడన ఆరవేయాలి. సరిగ ఉన్న అంచును లోపలికి మడిచి ఆరవేస్తే మంచిది. కొత్త వస్త్రమైతే రంగు దిగుతుందేమో ముందు ఒక మూల తడిపి చూసుకోవాలి.

పట్టు సమర్పించే దాతలు వస్త్రంతో పాటు ఒక కిలో ఎండు కుంకుడుకాయలు కూడా ఆలయానికి ఇస్తే బాగుంటుంది. చీర వెలతో పోలిస్తే అది లెక్కలోనిది కాదు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అడవిబిడ్డలు సేకరించిన కాయలను కొని అమ్ముతున్నది. అక్కడ కొంటే ఆ రూకలు చేరవలసిన చోటికి చేరుతాయి.

చెట్టును పెంచదలచినవారికి రెండు మాటలు. ఉమ్మడి కర్నూలు జిల్లా సగటు వర్షపాతం 670 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే. వేరూనిన తరువాత కుంకుడు దానితో బ్రతుకుతుంది. దానికి గిట్టనిది నీరు నిలిచే నేల. నల్లరేగడి మధ్యలో కాక గట్టుమీదనో ఎర్రనేలలోనో నాటాలి. గింజ పెంకు చాలా గట్టిది. గరుకురాతిమీద ఒకవైపు కొంచెం అరగదీసి, ఒక పగలు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, తొలకరిలో విత్తాలి. మొలకకు వారాలు పడుతుంది, తొందరపడి త్రవ్వి చూడరాదు. మొదటి రెండు వేసవులు నీరు పోయాలి, మేకలు అందుకోకుండా కంప కట్టాలి. విత్తనపు మొక్క కాపుకు రావడానికి ఎనిమిది పదేళ్లు పడుతుంది. కాయలు చితకగొట్టినప్పుడు తీసిన గింజలను ఈసారి పారవేయకుండా ఒక డబ్బాలో దాచి ఉంచండి.