కాలువగట్టు మీంచి నయాపూల్ దాకా... పరుగే పరుగు!

అఫ్జల్‌గంజ్: తెల్లవారుజామున నాలుగున్నర. గంజ్‌లో లారీల నుంచి బస్తాలు దిగుతుంటాయి. ఉస్మానియా ఆస్పత్రి గోడ వారగా రోగుల బంధువులు దుప్పట్లు ముసుగుతన్ని పడుకుని ఉంటారు. టీ బండి వాడు స్టవ్ అంటిస్తుంటాడు. వీటన్నిటి మధ్య నుంచి నలుగురైదుగురు కుర్రాళ్లు రొప్పుకుంటూ పరుగెత్తుకుపోతారు. కొత్తగా చూసిన వారు దొంగను తరుముతున్నారేమో అనుకుంటారు. దొంగల్ని తరిమే ఉద్యోగం కోసమే ఈ పరుగు!

వీరంతా పల్లెల నుంచి వచ్చినవారే. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వరంగల్ వైపు నుంచి వచ్చి చవక గదుల్లో నలుగురేసి సర్దుకుని ఉంటారు. పగలంతా మూసీ ఒడ్డునున్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో చదువు. 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైన ఈ గ్రంథాలయం కొన్నేళ్లుగా నిరుద్యోగుల నిలయమైంది. కుర్చీ దొరకని వారు చెట్ల కింద కూర్చుని చదువుతారు. చదువుకు చోటు ఎలాగో దొరుకుతుంది. పరుగుకే దొరకదు.

పరుగు ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే లెక్క చూడాలి. తెలంగాణలో 2018 పోలీసు నియామకాల్లో మగవారికి 800 మీటర్ల పరుగు, ఆడవారికి 100 మీటర్ల పరుగు ఉండేవి. 2022 నాటి ప్రకటనలో మగవారికి 1600 మీటర్లు, ఆడవారికి 800 మీటర్లు అయ్యాయి. మగవారు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవారు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. ఒక్క సెకను దాటినా ఇంటికే. ప్రిలిమినరీ రాతపరీక్షలో ఎంత గట్టెక్కినా ఇక్కడ ఆగిపోతే చదివిన చదువంతా బూడిదలో పోసినట్టే. 400 మీటర్ల మైదానం నాలుగు చుట్లు అనుకుంటే మగవారు ఒక్కో చుట్టు సుమారు 1 నిమిషం 49 సెకన్లలో కొట్టాలి. వంద మీటర్లు ఊపిరి బిగబట్టి దూకేయవచ్చు గాని, ఇది నెలల తరబడి కాళ్లకు, గుండెకు అలవాటు చేస్తే గాని వచ్చే పరుగు కాదు.

ఊళ్లో ఆ అలవాటుకు దారులకు కొదవ లేదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ పారే ఊళ్లలోనూ, కాకతీయ కాలువ కింది ఊళ్లలోనూ కాలువగట్టే పరుగుబాట. గట్టు చదునుగా ఉంటుంది, మట్టి మెత్తగా ఉంటుంది, మోకాళ్లు పట్టేయవు. కాలువ లేని చోట చెరువు కట్ట. అదీ లేకపోతే బీళ్ల మధ్య బండి బాట. పొద్దు పొడిచేలోగా మూడు నాలుగు కిలోమీటర్లు పోయి రావచ్చు, అడిగేవాడుండడు.

అయితే గట్టు దారి అంత నమ్మదగింది కూడా కాదు. చీకట్లో పాములుంటాయి. లైనింగు చేసిన పెద్ద కాలువలో కాలుజారి పడితే ఈత వచ్చినవాడికి కూడా పట్టు దొరకదు, నీటి వేగానికి కొట్టుకుపోతాడు. గట్టు మీద నీటివైపు కాకుండా పొలంవైపు అంచున పరుగెత్తడం, ఇద్దరు ముగ్గురు కలిసి పోవడం మంచిది. తారు రోడ్డెక్కేవారి సంగతి ఇంకా ఘోరం. వెనక నుంచి వచ్చే బండి కనపడదు. తప్పనిసరైతే ఎదురుగా వచ్చే బండ్లు కనపడేలా కుడిపక్కన పరుగెత్తాలి. చెవుల్లో పాటలు పెట్టుకుని పరుగెత్తే కుర్రాళ్లకు ఈ మాట ఎవరు చెప్పాలి?

ఇక అఫ్జల్‌గంజ్‌లో కాలువ లేదు, కట్ట లేదు. ఉన్నది మూసీ. కుర్రాళ్లు దాని చుట్టూనే ఒక దారి వేసుకున్నారు. నయాపూల్ దాటి, హైకోర్టు ముందు నుంచి సిటీ కాలేజీ దాకా పోయి, ముసల్లం జంగ్ పూల్ మీదుగా ఇవతలికి వచ్చి, బేగంబజార్ మొగలో మలుపు తిరిగి మళ్లీ ఉస్మానియా ఆస్పత్రి. ఆరు దాటితే ఆటోలు, బస్సులు, తోపుడు బండ్లు నిండిపోతాయి. ఆ తర్వాత పరుగు కాదు, నడక కూడా కష్టమే. సిటీ కాలేజీ పక్కన కులీ కుతుబ్ షా స్టేడియం ఉంది కాబట్టి కొందరు అక్కడ చేరతారు. ఇంకొందరు నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ దాకా పోతారు. పోయి రావడంతోనే చదువు వేళ సగం గడిచిపోతుంది.

ఆడపిల్లల ఇబ్బంది వేరే చెప్పనక్కర లేదు. ఊళ్లో అయితే అన్నో నాన్నో సైకిలు మీద వెంట వచ్చేవారు. ఇక్కడ చీకట్లో ఒంటరిగా బయటికి రాలేరు, వెలుగొచ్చాక రోడ్డు ఖాళీ ఉండదు. 800 మీటర్లు పరుగెత్తమన్న వారు, ఎక్కడ పరుగెత్తాలో కూడా కాస్త చూపించి ఉంటే బాగుండేది.

నిజానికి ఈ ఒడ్డు జనం తిరగడానికి వీలుగా ఉండాలన్న ఆలోచన నూరేళ్ల పైబడినది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది మందిని పొట్టన పెట్టుకుంది. అఫ్జల్‌గంజ్‌లోని అప్పటి ఆస్పత్రి కూడా కొట్టుకుపోయింది. సుమారు 150 మంది ఒక చింతచెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు నేటికీ ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది. వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహా మీద ఎగువన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వెలిశాయి. నగరంలో ఒడ్లకు గోడలు కట్టి తోటలు పెంచే పని 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు చేపట్టింది. ఆ తోటల్లో మిగిలింది కొంచెమే. ఇప్పుడు ముక్కు మూసుకుని పరుగెత్తాలి. పరుగెత్తేవాడికి ముక్కు మూసుకుంటే ఊపిరి ఎలా ఆడుతుంది? 2025 సెప్టెంబరు 26 రాత్రి అదే మూసీ మళ్లీ పొంగి పక్కనే ఉన్న మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి వచ్చింది. ఊళ్లకు పోవలసిన ప్రయాణికులు నీళ్లలో చిక్కుకున్నారు.

దగ్గర్లో ఉన్న పెద్ద ఖాళీ స్థలం గోషామహల్ పోలీసు స్టేడియం. అక్కడే కొత్త ఉస్మానియా ఆస్పత్రి కట్టడానికి 2025 జనవరి 31న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి శంకుస్థాపన చేశారు. మైదానం పోతుందని స్థానికులు అభ్యంతరం చెప్పారు. ఆస్పత్రి వద్దనే ధైర్యం ఎవరికుంది? 2020 జులైలో పాత భవనం వార్డుల్లోకి వాన నీళ్లు వచ్చినప్పుడు మంచాల మీదున్నవారిలో పల్లెటూరి బీదలే ఎక్కువ. పరుగెత్తే కొడుకు, మంచం పట్టిన తండ్రి ఇద్దరూ ఒకే స్థలం వైపు చూస్తున్నారన్నమాట.

పట్నం రాలేనివారు, రానక్కరలేనివారు ఊళ్లోనే సాధన చేయవచ్చు. 2022 నుంచి ఊళ్లలో తెలంగాణ క్రీడా ప్రాంగణాలు వెలిశాయి. చాలాచోట్ల ఎకరం, అరెకరమే. ఎకరం నలుచదరంగా ఉంటే చుట్టుకొలత సుమారు 254 మీటర్లు. అంటే 1600 మీటర్లకు ఆరు చుట్లు దాటి ఇంకొంచెం తిరగాలి. మూలల దగ్గర మలుపుకు వేగం తగ్గిపోతుంది. నిడుపైన పరుగుకు గట్టే మేలు. అయితే గట్టు మీద దూరం ఎంతో తెలియక అందాజుగా పరుగెత్తి, పరీక్షనాడు బోల్తాపడేవారున్నారు.

దీనికి సైకిలు చాలు. చక్రం వాల్వు దగ్గర సున్నం గుర్తు పెట్టి, ఒక్క చుట్టు దొర్లించి, దర్జీ టేపుతో ఆ పొడవు కొలవాలి. పెద్ద సైకిలుకు సుమారు 2.2 మీటర్లు వస్తుంది. 1600ను దానితో భాగిస్తే 727 చుట్లు. ఒకరు తోస్తూ, ఒకరు లెక్కపెడుతూ పోయి ఆ చివర రాయి పాతుకోవాలి. ఆడపిల్లలకు సగం దూరంలో ఇంకో రాయి. టైరులో గాలి గట్టిగా ఉన్నప్పుడే కొలవాలి, మెత్తబడితే చక్రం చుట్టు తగ్గి లెక్క తప్పుతుంది.