పిశాచాలు ఎలా పుడతాయి?

అమావాస్య నాడు దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ వరకు నడిచి వెళ్ళితే దారి పొడుగునా దుకాణాల ముందు పగలగొట్టిన గుమ్మడికాయలు, గుమ్మాలకు కట్టిన నిమ్మకాయలు, మిరపకాయలు కనిపిస్తాయి. 2018లో మెట్రో రైలు వచ్చినా, వీధివీధినా కంప్యూటరు విద్య నేర్పే సంస్థలు వెలసినా ఈ ఆచారం తగ్గలేదు. ఇదంతా దిష్టి కోసమంటారు. దిష్టితోపాటు మరొక భయం కూడ మన ఇళ్ళలో ఉన్నది. చచ్చినవాడు ఊరకుండడనీ, బతికినవాళ్ళ ప్రాణం పీల్చడానికి తిరిగి వస్తాడనీ ఆ భయం.

అందరూ తిరిగి రారు. నిండు ఆయుష్షుతో పోయి, అపరకర్మలు సక్రమంగా జరిగినవారికి ఆ గతి లేదు. ఉరిపోసుకున్నవారు, నూతిలో పడినవారు, కోరిక తీరకుండ పోయిన పడుచువారు, పురిటిలో పోయిన ఆడవారు పిశాచాలవుతారని మనవాళ్ళ నమ్మకం. విద్యను దుర్వినియోగం చేసిన పండితుడు బ్రహ్మరాక్షసుడవుతాడట. చదువుకున్నవారికి ప్రత్యేకంగా ఒక హోదా ఇవ్వడం ఒక విధంగా గౌరవమే!

యూరపు ఖండంలో, ముఖ్యంగా సెర్బియా మొదలయిన స్లావ్ దేశాలలో, ఇటువంటి జాబితాయే ఉన్నది. ఆత్మహత్య చేసుకున్నవారు, సంస్కారం సరిగా జరగనివారు అక్కడ రక్తపిశాచాలవుతారు. అయితే ఒక భేదం ఉన్నది. మన దయ్యానికి శరీరం లేదు; అది మరొకరిని పూనుతుంది. వారి పిశాచం సొంత శరీరంతోనే గోతిలోనుంచి లేచి వస్తుంది. ఈ భేదం ఎందుకు వచ్చినట్లు?

1725లో కిసిలోవా అనే సెర్బియా గ్రామంలో జరిగిన సంఘటన చూడవలె. ఆనాడు ఆ ప్రాంతం ఆస్ట్రియా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. పీటర్ ప్లొగొయోవిట్స్ అనే రైతు చనిపోయిన పది వారాలకు ఆ గ్రామంలో ఎనిమిది రోజులలో తొమ్మండుగురు చనిపోయారు. పీటరు నిద్రలో వచ్చి తమపై పడి గొంతు నొక్కాడని వారు చనిపోయేముందు చెప్పారు. గ్రామస్థులు ప్రభుత్వోద్యోగిని వెంటబెట్టుకొని వెళ్ళి గొయ్యి తవ్వించారు. శవం దాదాపు తాజాగా ఉన్నదనీ, గడ్డం, గోళ్ళు పెరిగాయనీ, పాత చర్మం ఊడి కొత్త చర్మం వచ్చిందనీ, నోట రక్తం ఉన్నదనీ ఆ ఉద్యోగి నివేదిక పంపాడు. గుండెలో కొయ్యమేకు దించగా చెవులనుంచి, నోటినుంచి రక్తం కారిందట. తరువాత శవాన్ని తగలబెట్టారు.

ఆ ఉద్యోగి అబద్ధం చెప్పలేదు. చూసింది నిజమే, అర్థం చేసుకున్నదే తప్పు. ప్రాణం పోగానే ప్రేగులలోని సూక్ష్మజీవులకు అడ్డు తొలగుతుంది. అవి కండరాలను కుళ్ళబెట్టుతూ మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి వాయువులను పుట్టిస్తాయి. వాయువు బయటికి పోలేక పొట్ట ఉబ్బుతుంది. అందుచేత బక్కచిక్కి పోయినవాడు కూడ, తిండి బాగా దొరికినట్లు, బొద్దుగా కనిపిస్తాడు. ఆ పీడనమే ఊపిరితిత్తులలో చేరిన ఎర్రని ద్రవాన్ని నోటిలోకి నెట్టుతుంది. చనిపోయినవాని రక్తం గడ్డకట్టి ఉండాలి గదా అనవచ్చు. గడ్డకట్టిన రక్తం కొన్ని పరిస్థితులలో మళ్ళీ ద్రవమవుతుంది. పై చర్మం పొరలుగా ఊడితే కింద ఉన్నది లేతగా కనిపిస్తుంది. గోళ్ళు, గడ్డం పెరగవు. చుట్టూ ఉన్న చర్మం ఎండి ముడుచుకొనడం వల్ల పెరిగినట్లు తోస్తాయి. కొన్ని శవాలు మేకు దిగగానే మూలిగాయని కూడ వ్రాశారు. రొమ్ములోని వాయువు గొంతు గుండా ఒక్కసారి బయటపడితే ఆ శబ్దం వస్తుంది. ఇక చలిదేశంలో, లోతైన గోతిలో, ఈ మార్పులన్నీ చాలా నెమ్మదిగా సాగుతాయి.

నిద్రలో వచ్చి గొంతు నొక్కడం మన పల్లెలవారికీ తెలిసిన సంగతే. గుండెలమీద దయ్యం కూర్చున్నదంటారు. కలలు వచ్చే దశలో మెదడు కండరాలను కదలకుండ కట్టివేస్తుంది. ఆ కట్టు విడకముందే మెలకువ వస్తే కాలుచేయి ఆడదు, ఊపిరి బరువవుతుంది, కల మాత్రం కళ్ళముందు నిలిచే ఉంటుంది.

మనవారిలో అధికభాగం శవాన్ని దహనం చేస్తారు. పూడ్చేవారు కూడ ఉన్నారు గాని, పూడ్చినదానిని మళ్ళీ తవ్వి చూసే అలవాటు లేదు. ఉబ్బిన శవాన్ని చూడనివారికి శరీరంతో లేచి వచ్చే పిశాచం తట్టదు. గాలిలా తిరిగే దయ్యమే తడుతుంది. చందమామ చదివినవారు బేతాళుడి సంగతేమిటని అడగవచ్చు. బేతాళుడు శవంలో దూరి కథలు చెప్పేవాడే గాని, చచ్చి బేతాళుడయినవాడు కాడు. 1870లో రిచర్డ్ బర్టన్ ఆ కథలను ఇంగ్లీషులో వ్రాసినప్పుడు బేతాళుణ్ణి రక్తపిశాచమని పిలిచాడు.

సెర్బియావారి నమ్మకంలో మరొక ముఖ్యమైన అంశం, పిశాచత్వం అంటుకొనడం. మెద్వేజ గ్రామం గురించి 1732లో సైనిక వైద్యుడు ఫ్లూకింగర్ ఇచ్చిన నివేదిక ప్రకారం, పిశాచం రక్తం పీల్చిన పశువుల మాంసం తిన్నవారు కూడ పిశాచాలవుతారని గ్రామస్థులు చెప్పారు. ఇందులో ఒక సత్యం దాగి ఉన్నది. ఒక చావు వెంట మరొక చావు రావడం వారు కళ్ళారా చూసినదే. సూక్ష్మజీవులు తెలియని కాలంలో వారు మొదట పోయినవానిమీద నేరం మోపారు.

అమెరికాలోని ఎక్సిటర్ గ్రామంలో బ్రౌన్ కుటుంబం కథ ఇంకా విషాదకరం. తల్లి, ఇద్దరు కూతుళ్ళు క్షయతో పోయారు. కొడుకు ఎడ్విన్ మంచం పట్టాడు. 1892 జనవరిలో పోయిన చిన్న కూతురు మెర్సీ శవాన్ని మార్చిలో పరీక్షించారు. చలికాలం గనుక అది చెడలేదు. గుండె కాల్చి, బూడిద నీటిలో కలిపి ఎడ్విన్‌కు తాగించారు. మే నెలలో అతడూ పోయాడు. క్షయకు కారణమయిన సూక్ష్మజీవిని రాబర్ట్ కాక్ ప్రకటించి అప్పటికి పదేళ్ళయింది.

పురిటిలో పోయిన స్త్రీ ఇతర బాలింతలను పట్టుకుంటుందన్న నమ్మకం వెనుక కూడ ఇటువంటిదే ఉండవచ్చు. వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు 1847లో వైద్యుల చేతులను క్లోరిన్ సున్నపు నీటితో కడిగించగానే అతని వార్డులో బాలింతల మరణాలు నూటికి 18 నుంచి 2 ప్రాంతానికి దిగాయి. ఆ జ్వరాన్ని మోసింది చేతులు. నిజంగా రక్తం తాగి జబ్బు అంటించే ప్రాణి మన హైదరాబాదులోనే దొరికింది. దోమ పొట్టలో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న బేగంపేటలో చూశాడు.

శవాలను తవ్వడాన్ని ఆస్ట్రియా రాణి మరియా థెరీసా తన వైద్యుడు వాన్ స్వీటెన్ నివేదికపై 1755లో నిషేధించింది. అక్కడ మేకు శవం గుండెలో దిగింది. మన పల్లెలలో బాణామతి పేరిట బాధపడేది బతికున్నవారు. ఎవరికో జ్వరం తగ్గదు, ఎవరి గేదెయో పాలివ్వదు. ఊరి చివర ఉన్న ముసలిదానిమీద అనుమానం పోతుంది. పళ్ళు లేకపోతే మంత్రం పలకదని పళ్ళు ఊడబెరికిన సంఘటనలు, తగలబెట్టిన సంఘటనలు తెలంగాణలో ఇటీవలి దశాబ్దాలలో కూడ జరిగాయి. ఆ జ్వరం దగ్గుతో కలిసి రెండు వారాలు దాటితే కఫం పరీక్ష ప్రభుత్వ ఆరోగ్యకేంద్రంలో ఉచితం. క్షయ అని తేలితే మందు వాడవలసింది సాధారణంగా ఆరు నెలలు, అదీ ఉచితమే.