పటం మీది పూర్వీకులు

ధర్మపురి గోదావరి రేవులో తర్పణం విడిచేవాడు తండ్రి, తాత, ముత్తాతల పేర్లు చెబుతాడు. మూడు తరాలతో పేర్లు అయిపోతాయి. ఆపైన మిగిలేది గోత్రం, దాని వెనుక ఒక ఋషి. తెలిసిన ముత్తాతకూ తెలియని ఋషికీ నడుమ ఉన్న ఖాళీని దేనితో పూరిస్తున్నామన్నది సాహిత్య విద్యార్థి పరిశీలించవలసిన విషయం.

ఈ ఖాళీ మనకొక్కరికే లేదు. 1845-52 నాటి కరువులో ఐర్లండులో సుమారు పది లక్షలమంది చచ్చిపోయారు, మరో పది లక్షలమంది ఓడలెక్కారు. వారి సంతతి ఈనాడు మూలాలు వెతుక్కుంటూ పోతే దొరికేది అరకొరే. 1922 అంతర్యుద్ధంలో డబ్లిన్‌లోని ప్రభుత్వ దస్తావేజుల భాండారం తగలబడింది. పాత జనాభా లెక్కలు కొన్ని అందులో పోయాయి, మరికొన్నిటిని సర్కారే అంతకుముందు నాశనం చేసింది. నిండుగా మిగిలినవి 1901, 1911 లెక్కలే. తాతో అమ్మమ్మో ఆ గడ్డమీద పుట్టినట్టు కాగితం చూపితే ఐర్లండు చట్టం పౌరసత్వమిస్తుంది. ముత్తాత దగ్గరకొచ్చేసరికి షరతులు బిగుస్తాయి. చట్టమూ దాదాపు మన తర్పణం లెక్కే చూస్తుందన్నమాట!

కాగితం లేనిచోటికి పటం వస్తుంది. 1915లో మదనపల్లెలో కళాశాల స్థాపించిన అనీబిసెంటు పుట్టింది లండనులో. అయినా తన రక్తంలో మూడు పాళ్లు ఐరిష్ రక్తమేనని చెప్పుకున్నది. ఆమె తల్లిని పెంచిన పినతల్లి, చితికిపోయిన ఐరిష్ కుటుంబపు మనిషి. తమది ఏడుగురు రాజుల వంశమంటూ ఒక వంశవృక్షాన్ని గోడకు తగిలించుకున్నదట. పిల్ల తప్పుచేస్తే ఆ రాజుల పేరు చెప్పి మందలించేది. ఆ రాజులు ఏమంత యోగ్యులు కారని బిసెంటు తన ఆత్మకథలో ఎగతాళి చేసింది. ఎగతాళి చేస్తూనే, తల్లి ఆత్మగౌరవానికి అది ఊతమైందని ఒప్పుకున్నది. తానుమాత్రం రాజులను వదిలి, ఐరిష్ ఉద్యమం నుంచి హోంరూల్ అనే మాటను తీసుకుని 1916లో ఇక్కడ లీగ్ పెట్టింది. నా దృష్టిలో ఈ రెండో వారసత్వమే విలువైనది.

మన కూనపులివారు పటం విప్పి పద్మశాలీలకు మార్కండేయుని, భావనాఋషిని చూపుతారు. మగ్గంమీద బతికేవాడికి ఋషి మూలపురుషుడవటంలో గౌరవకాంక్ష ఉంది. అదే సమయంలో పక్కవాడికంటే ఒక మెట్టు పైకెక్కాలన్న ఆశా ఉంది. వంశగాథను కథలోకి తెచ్చే రచయిత ఈ రెండింటినీ విడదీసి చూడాలి. విడదీయకుంటే కులాభిమానమే ప్రజాకళగా చలామణీ అవుతుంది.

జాంబపురాణం మరీ సాహసించింది. మాదిగల మూలపురుషుడు జాంబవముని భూమికంటే ఆరు నెలలు ముందే పుట్టాడంటుంది. అంటే అందరికంటే పెద్దవాడు మాదిగే. అగ్రవర్ణాల పురాణాన్ని ఇంత సూటిగా తలకిందులు చేసిన గాథ తెలుగులో అరుదు. దానిని పాడేది డక్కలివారు. ఆ పాట విన్న మాదిగవాడలోనే, సంప్రదాయం ప్రకారం, వారికి ఇంటి గడప దాటే హక్కు లేకపోయింది.