పసుపు క్యాన్సర్ కణాల్ని చంపుతుందా? చంపుతుంది... కానీ ఎక్కడ?

"పసుపు క్యాన్సర్‌ని చంపేస్తుంది, మందుల కంపెనీలు ఈ నిజాన్ని దాచేస్తున్నాయి" అనే ఫార్వర్డ్ మీ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో ఒక్కసారైనా వచ్చే ఉంటుంది. ఈ ఎపిసోడ్‌లో దాని సంగతి చూద్దాం. ముందే చెప్పేస్తున్నాను, అందులో సగం నిజం ఉంది. మనల్ని ఇబ్బందుల్లో పడేసేది కూడా ఆ సగం నిజమే.

ముందు పసుపులో ఏముందో చూద్దాం. పసుపుకి ఆ రంగునిచ్చే పదార్థాల్ని కర్క్యుమినాయిడ్స్ అంటారు. వాటిలో ముఖ్యమైనది కర్క్యుమిన్. మనం కూరలో వేసే పసుపు పొడిలో అది బరువులో సుమారు 3 శాతమే ఉంటుంది. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఇప్పుడు ల్యాబ్‌లోకి వెళ్దాం. అక్కడ క్యాన్సర్ కణాల్ని చిన్న ప్లాస్టిక్ పళ్లేల్లో పెంచుతారు. వాటి మీద కర్క్యుమిన్ వేస్తే చాలా రకాల కణాలు నిజంగానే చచ్చిపోతాయి. ఎలా అంటే, మన కణాల్లో ఎన్‌ఎఫ్ కప్పా బి అని ఒక ప్రోటీన్ ఉంటుంది. ఒక స్విచ్ అనుకోండి. మామూలు కణంలో అవసరమైనప్పుడే ఆన్ అవుతుంది. చాలా క్యాన్సర్లలో మాత్రం అది ఆన్‌లోనే ఉండిపోయి, "చావకు, పెరుగుతూనే ఉండు" అని కణానికి చెబుతూ ఉంటుంది. కర్క్యుమిన్ ఆ స్విచ్‌ని అణచివేస్తుంది. దాంతో కణం తనను తానే చంపుకోవడం మొదలుపెడుతుంది. దీన్నే అపాప్టోసిస్ అంటారు.

వినడానికి బాగుంది కదా? కానీ ఒక్క విషయం. పళ్లెంలో ఉన్న కణాన్ని చంపడం పెద్ద కష్టం కాదు. ఉప్పు ఎక్కువ వేసినా చస్తుంది, స్పిరిట్ పోసినా చస్తుంది. అసలు పరీక్ష మనిషి ఒంట్లో.

కర్క్యుమిన్ అక్కడే తడబడుతుంది. నీళ్లలో సరిగ్గా కరగదు. పేగుల్లోంచి రక్తంలోకి వెళ్లేది చాలా కొంచెం. ఆ కొంచెాన్నీ లివర్ చకచకా మార్చేసి బయటికి పంపించేస్తుంది. 1998లో బెంగళూరు శాస్త్రవేత్తలు మనుషులకి 2 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చి చూస్తే, రక్తంలో దాదాపు కనిపించలేదు. దాంతోపాటు మిరియాల్లో ఉండే పైపరిన్ 20 మిల్లీగ్రాములు ఇస్తే, ఒంటికి అందేది 2000 శాతం పెరిగింది. ఇప్పుడు క్యాప్సూల్ డబ్బాల మీద రాసే అంకె ఇదే. సరే, దాదాపు లేనిదానికి 2000 శాతం అంటే ఎంత? మీరే ఆలోచించండి.

మరి పేషెంట్ల మీద చూడలేదా? చూశారు. హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్‌లో పాంక్రియాస్ క్యాన్సర్ వాళ్లకి రోజుకి 8 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చి, 2008లో ఫలితాలు ప్రకటించారు. లెక్కలోకి తీసుకున్న 21 మందిలో ఇద్దరిలోనే ప్రభావం కనిపించింది. ఆ ఇద్దరిలో ఒకరికి గడ్డ బాగా తగ్గింది కానీ, అది కొన్నాళ్లే నిలిచింది. ఇప్పుడు ఇందాకటి 3 శాతం లెక్క వేయండి. 8 గ్రాముల కర్క్యుమిన్ కావాలంటే రోజుకి పావుకిలో పైన పసుపు తినాలి! గ్లాసు పాలల్లో చిటికెడు పసుపు ఎక్కడ, ఇది ఎక్కడ?

2017లో అమెరికా రసాయన శాస్త్రవేత్తలు కర్క్యుమిన్ పరిశోధనలన్నీ తిరగేసి ఒక పెద్ద సమీక్ష రాశారు. ఇది నిలకడ లేని పదార్థమనీ, ల్యాబ్ పరీక్షల్ని కూడా తప్పుదారి పట్టించగలదనీ అందులో తేల్చారు. ఈ రంగంలో బాగా పేరున్న ఒక శాస్త్రవేత్త పేపర్లు ఇరవైకి పైగా జర్నల్స్ వెనక్కి తీసుకున్నాయి కూడా.

అయితే శాస్త్రవేత్తలు వదిలేశారా? లేదు. కర్క్యుమిన్ ఆకారాన్ని కొంచెం మార్చి కొత్త పదార్థాలు చేస్తున్నారు. అమెరికాలోని ఎమోరీ యూనివర్సిటీలో పుట్టిన ఈఎఫ్24 అలాంటిదే. ల్యాబ్‌లో అది కర్క్యుమిన్ కంటే తక్కువ మోతాదుతోనే కణాల్ని చంపింది. ఈ దారి కొత్తదేం కాదు. మన పెరట్లో పూసే బిళ్ల గన్నేరు ఉంది కదా? దాన్నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్‌ని పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి ఇప్పటికీ వాడుతున్నారు. కానీ ఏ డాక్టరూ బిళ్ల గన్నేరు ఆకులు నమలమని చెప్పడు. అది విషం. మొక్కలోంచి పదార్థాన్ని వేరు చేసి, మోతాదు తేల్చి, మనుషుల మీద పరీక్షించాకే అది మందు అయింది. కర్క్యుమిన్ ఇంకా అక్కడిదాకా రాలేదు.

"పోనీలే, తింటే నష్టమేముంది?" అంటారా? కూరలో పసుపుకి భయపడక్కర్లేదు. క్యాప్సూల్ సంగతి వేరు. వాటితో లివర్ దెబ్బతిన్న కేసులు అమెరికాలో, ఇటలీలో నమోదయ్యాయి. సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు పనిని కర్క్యుమిన్ తగ్గించినట్టు ఎలుకల్లో కనిపించింది. పైపరిన్ అయితే వేరే మందులు ఒంట్లో ఎంతసేపు ఉండాలో కూడా మార్చేయగలదు. అందుకే మీ ఇంట్లో ఎవరికైనా కీమో నడుస్తుంటే, ఏ క్యాప్సూల్ వేసినా డాక్టర్‌కి చెప్పి తీరాలి. "తిడతారేమో" అని దాచొద్దు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. ట్రీట్‌మెంట్ మానేసి ఇవే నమ్ముకోవడం. నయమయ్యే దశలో ఉన్న క్యాన్సర్‌కి ప్రత్యామ్నాయ వైద్యం మాత్రమే చేయించుకున్నవాళ్లని, మామూలు చికిత్స తీసుకున్నవాళ్లతో యేల్ యూనివర్సిటీ డాక్టర్లు పోల్చారు. మొదటివాళ్లలో చనిపోయే ప్రమాదం రెండున్నర రెట్లు ఎక్కువగా ఉంది. ఫార్వర్డ్ కొట్టడానికి ఒక్క సెకను చాలు. అది నమ్మి ఇంట్లో పెద్దవాళ్లు ఆరు నెలలు ఆగిపోతే, ఆ ఆరు నెలలు మళ్లీ తెచ్చివ్వలేం.

కాబట్టి ఇకమీదట "ఫలానాది క్యాన్సర్‌ని చంపుతుంది" అని మెసేజ్ వస్తే, ఒక్కటే అడగండి: ఎక్కడ? పళ్లెంలోనా, ఎలుకలోనా, మనిషిలోనా? మనిషిలో అయితే ఎంతమందిలో? ఇంట్లో ఎక్కువసేపు ఫోన్ చూసేది మీరే కాబట్టి, ఈ ప్రశ్న మీరే అడగాలి. అమ్మానాన్నలకి కూడా నేర్పించండి.

మీ గ్రూప్‌లో తిరుగుతున్న ఇలాంటి మెసేజ్‌లు ఇంకేమైనా ఉంటే కామెంట్‌లో పెట్టండి, వాటి గురించి కూడా మాట్లాడుకుందాం. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.